ఊరికే అనేదైతే ఇంకో మాట అను

పోయిన నెల మా డేటాబేస్ కాపీ రెండు రోజులు ఆగిపోయి ఉంది, ఎవరికీ తెలియలేదు. తెలియకపోవడానికి కారణం నేను 2019లో రాసిన ఇరవై లైన్ల స్క్రిప్ట్. సోమవారం పొద్దున "శనివారం అమ్మకాలు సున్నా చూపిస్తోంది, నిజమేనా" అని క్లయింట్ మెయిల్ పెడితే గానీ మా కళ్లు తెరుచుకోలేదు.

సంగతేమిటంటే, మా డేటాబేస్ నడిపే సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్‌ను 8.0 నుంచి 8.4కు మార్చాం. నా స్క్రిప్ట్ ఐదు నిమిషాలకోసారి "షో స్లేవ్ స్టేటస్" అని అడుగుతుంది, కాపీ ఎన్ని సెకన్లు వెనకబడిందో చూస్తుంది, ఎక్కువ వెనకబడితే నా ఫోన్ మోగిస్తుంది. 8.4లో ఆ కమాండ్ తీసేశారు. "షో రెప్లికా స్టేటస్" అనాలి. పాత మాటతో అడిగితే ఎర్రర్ వస్తుంది, నేనేమో జవాబు రాకపోతే సున్నా అనుకునేలా రాసిపెట్టాను (ఎందుకలా రాశావని అడగకండి, అప్పుడు నాకు తెలిసింది అంతే). సున్నా అంటే అంతా బాగున్నట్టు లెక్క. కాబట్టి రెండు రోజులు నా స్క్రిప్ట్ అంతా బాగుంది, అంతా బాగుంది అని చెప్తూనే ఉంది.

తప్పు మైఎస్‌క్యూఎల్ వాళ్లది కాదు. 2020 అక్టోబర్‌లో 8.0.22తో కొత్త మాట తెచ్చారు, పాతది పోతుందని అప్పుడే చెప్పారు, 2024లో తీసేశారు. మూడున్నరేళ్ల టైమ్ ఇచ్చారు. మేం చదవలేదు.

మా టీమ్‌లో కొత్తగా చేరిన పిల్లగాడు ఒకడున్నాడు, జడ్చర్ల దిక్కు. వాడు నాతో కూర్చుని అన్నీ సరిచేస్తూ అడిగాడు: "అన్నా, ఒక్క మాట కోసం ఇంత లొల్లి ఎందుకే? ఉన్న మాట ఉంచితే ఏం పోతుండె?" వాడికి అరగంట చెప్పాను. అయితే చెప్పింది సగమే. మిగతా సగం ఇక్కడ రాస్తున్నా.

సాఫ్ట్‌వేర్ తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. కిరాణం షాపులో సేటు ఖాతా బుక్కు రాస్తుంటాడు, పక్కన ఒక పిల్లాడు కూర్చుని అదే ఇంకో బుక్కులోకి ఎక్కిస్తుంటాడు అనుకోండి. రాసేది సేటు ఒక్కడే. ఎవరైనా నా బాకీ ఎంత అని అడిగితే పిల్లాడి బుక్కు చూసి చెప్పొచ్చు. సేటు బుక్కు తడిసిపోతే పిల్లాడి బుక్కే అసలు బుక్కు అవుతుంది. డేటాబేస్‌లో మొదటిదాన్ని మాస్టర్ అని, రెండోదాన్ని స్లేవ్ అని చాలా ఏళ్లు పిలిచారు. ఇప్పుడు ప్రైమరీ అనో సోర్స్ అనో, రెప్లికా అనో అంటున్నారు.

నేను ఆ మాట మొదటిసారి విన్నది 2006లో, నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో. పాత హార్డ్ డిస్కులకు వెనక జంపర్ అనే చిన్న క్లిప్పు ఉండేది, ఒకే కేబుల్‌కు రెండు డిస్కులు తగిలిస్తే ఒకదాన్ని మాస్టర్‌గా, ఇంకోదాన్ని స్లేవ్‌గా పెట్టాలి. నేను తెలుగు మీడియం. సార్ బోర్డు మీద రాస్తే చూసి రాసుకున్నా, స్లేవ్ అంటే ఏంటో తెలియదు, అడగాలని కూడా అనిపించలేదు. చాలా రోజులు నాకు స్లేవ్ అంటే జంపర్‌ను కుడివైపు పెట్టడం, అంతే. బానిస అనే అర్థం తర్వాతెప్పుడో తెలిసింది. అప్పటికి ఆ మాట నాకు స్క్రూడ్రైవర్, కేబుల్ లాంటి మాటైపోయింది. మనలో చాలామందికి ఇదే జరిగి ఉంటుందని నా అనుమానం. అందుకే "ఈ మాటలో తప్పేముంది" అని మనం అంత తేలిగ్గా అనగలిగాం. మన నోట్లో పుట్టిన మాట కాదు, మన చెవిలో పడ్డప్పుడు దానికి అర్థమే లేదు.

ఈ గొడవ 2020లో మొదలైందని చాలామంది అనుకుంటారు. కాదు. 2003లోనే అమెరికాలో లాస్ ఏంజెలెస్ కౌంటీ తనకు సామాన్లు అమ్మే కంపెనీలను ఆ మాటలు వాడొద్దని అడిగితే లోకమంతా నవ్వింది. 2014లో వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగో, డ్రూపల్ మార్చుకున్నాయి. 2018లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పెద్ద వాదన నడిచింది, చివరికి చాలాచోట్ల స్లేవ్ పోయి వర్కర్ వచ్చింది. అదే ఏడాది రెడిస్ అనే డేటాబేస్ కూడా. రెడిస్ రాసిన సాల్వతోరె సాన్‌ఫిలిప్పోకు ఈ మార్పు మీద పెద్ద నమ్మకం లేదు, అయినా స్లేవ్ తీసి రెప్లికా పెట్టాడు, పాత కమాండ్ కూడా పనిచేసేలా ఉంచాడు. ఇంజినీర్‌గా నాకు నచ్చింది ఆ పద్ధతే. 2020 మే 25న మినియాపొలిస్‌లో పోలీసు మోకాలి కింద జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయాక వాదించే ఓపిక ఎవరికీ మిగల్లేదు. జులైలో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి లినక్స్ కెర్నల్ కొత్త కోడ్‌లో ఆ మాటలు వద్దని రాసుకుంది, అక్టోబర్ 1 నుంచి కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్ కొత్త ప్రాజెక్టుల్లో అసలు బ్రాంచ్‌కు మాస్టర్ బదులు మెయిన్ అని పేరు పెట్టడం మొదలుపెట్టింది.

మార్పు వద్దన్నవాళ్ల మాటల్లోనూ పస ఉంది, ఉట్టిగా కొట్టిపారేయలేం. గిట్‌హబ్ వెనకుండే టూల్ గిట్‌లో మాస్టర్ ఉంది గానీ స్లేవ్ లేదు. ఆ పేరు పెట్టిన పెట్ర్ బౌడిష్ తాను మాస్టర్ రికార్డింగ్ అన్న అర్థంలో పెట్టానన్నాడు, మెయిన్ అని పెట్టి ఉంటే బాగుండేదని కూడా అన్నాడు. ఇక మనకైతే మాస్టర్ అంటే దొరే కాదు. టీ మాస్టర్, పరోటా మాస్టర్, టైలర్ మాస్టర్, అందరూ ఒళ్లొంచి పనిచేసేవాళ్లే. మేస్త్రి అనే మాట కూడా పోర్చుగీసు మెస్త్రె నుంచి వచ్చిందే, అదీ మాస్టరూ ఒకే లాటిన్ మాటకు పిల్లలు. అదే ఊపులో తీసేయాలన్న బ్లాక్‌లిస్ట్ మాటకొస్తే, మా జిల్లా పేరే నల్లగొండ, నల్లటి కొండ కింద పుట్టినవాడిని నలుపు పేరు చెప్పి నన్నెవరు బెదిరిస్తారు అని అప్పట్లో టీమ్ గ్రూప్‌లో జోకు కూడా వేశాను. అందరూ నవ్వారు. నేను మార్పు వద్దన్నవాళ్ల పక్కే ఉన్నాను, దాచడమెందుకు.

ఒక్క సంగతి మాత్రం అప్పుడే కొంచెం గుచ్చుకుంది. ఈ మాస్టర్-స్లేవ్ అనే జంట యంత్రాలకు ఎప్పుడు అంటుకుందని వెతికితే, దొరికిన పాత ఆధారాల్లో ఒకటి 1904 నాటిది. కేప్‌టౌన్ అబ్జర్వేటరీలో డేవిడ్ గిల్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఒక గడియారం చెప్పినట్టు ఇంకో గడియారం నడిచే ఏర్పాటు గురించి రాస్తూ ఆ మాట వాడాడు. కేప్‌లో బానిసత్వం చట్టం ప్రకారం పోయింది 1834లో. అంటే మనుషులు ఆ పేరు వదిలించుకున్న డెబ్బై ఏళ్లకు దాన్ని తీసుకెళ్లి గడియారానికి తగిలించారు. ఏదో పాతకాలపు అలవాటు మిగిలిపోయిందిలే అనుకున్నా ఇన్నాళ్లూ. కాదన్నమాట, కొత్తగా తెచ్చి పెట్టింది.

ఇప్పుడు జడ్చర్ల పిల్లగాడికి చెప్పని సగం.

2020లో ఆఫీసులు మూతపడితే నేను ఊరికి వచ్చేశాను. నకిరేకల్ దగ్గర మా ఊరు. ముందు గదిలో నులక మంచం మీద ల్యాప్‌టాప్, నెట్‌వర్క్ కోసం కిటికీ పక్కన ఫోన్, కింద నాయనమ్మ. ఆమెకు ఎనభై దాటాయి, చూపు తగ్గింది, చెవులు మాత్రం పాము చెవులు. రోజంతా నా మీటింగులు వింటూ ఉండేది. ఇంగ్లిష్ అర్థం కాదు, అయినా ఎవడు తియ్యగా మాట్లాడుతున్నాడో, ఎవడు గద్దిస్తున్నాడో చెప్పేది. మాస్టర్ అనీ స్లేవ్ అనీ నేను ఆ నెలల్లో ఆమె ముందు ఎన్ని వందల సార్లు అన్నానో. ఆమెకు అవి చప్పుళ్లు.

ఒక రోజు సాయంత్రం మా కోడ్‌లో మార్చిన ఈ పేర్లన్నీ ఒక పెద్ద పీఆర్‌గా (కోడ్ మార్పు ఒప్పుకోమని పంపే అర్జీ లాంటిది) పెట్టాను. అది మా లీడ్ అన్న ఒప్పుకుంటే గానీ లోపలికి పోదు, ఆయనేమో చూడట్లేదు. ఫోన్ చేసి నవ్వుతూ అన్నాను: "అన్నా, నీ బాంచన్, నీ కాల్మొక్తా, ఆ పీఆర్ ఒక్కటి అప్రూవ్ చెయ్యరాదే." అటువైపు ఆయన కూడా నవ్వాడు. మన దిక్కు దోస్తులు ఎన్నిసార్లు అంటారు ఈ మాట, వంద రూపాయల అప్పుకు, క్రికెట్‌లో బ్యాటింగ్‌కు.

ఫోన్ పెట్టేసి చూస్తే నాయనమ్మ లేచి కూర్చుంది.

"ఎవలకురా బాంచ నువ్వు?"

"ఎవలకు కాదు నాయనమ్మా, ఊరికే అన్న, దోస్తుతోని."

"ఊరికే అనేదైతే ఇంకో మాట అను. మాటలకేమన్న కరువొచ్చిందా?"

ఇంకేం అనలేదు కాసేపు. తర్వాత తనంతట తానే మొదలుపెట్టింది. మా తాత ఏడెనిమిదేళ్లప్పుడే దొర ఇంట్లో పసుల కాడికి పోయాడు. అప్పు ఎవరిదో, ఎంతో ఆయనకే తెలియదు, వాళ్ల నాయిన తీసుకున్నాడని అన్నారు, తీరలేదని అన్నారు. పెద్దయ్యాక అదే ఇంట్లో జీతం ఉన్నాడు. జీతమంటే ఏడాదికి కొన్ని కుంచాల జొన్నలు, ఒక గొంగడి, ఒక చెప్పుల జత. ఆ చెప్పులు కూడా గడీ ముందు నుంచి పోయేటప్పుడు చేతిలో పట్టుకోవాలి. పొద్దున దొర కనబడితే నెత్తి మీది రుమాలు తీసి చంకలో పెట్టుకుని అనాల్సిన మొదటి మాట అదే, నీ బాంచన్ దొరా కాల్మొక్తా. తిట్టినప్పుడూ అదే మాట, కొట్టినప్పుడూ అదే మాట, పండక్కి ఒక సేరు బియ్యం పోసినప్పుడూ అదే మాట. "గా మాట అనీ అనీ మీ తాత పెదవులు కాయలు కాసినయ్. నువ్వేమో నవ్వుకుంట అంటున్నవ్."

బాంచ అంటే బానిస. నాకు తెలియక కాదు, పుస్తకాల్లో చదివాను. 1946లో కడివెండిలో దొడ్డి కొమురయ్య తూటా దెబ్బకు పడిపోవడం, జనం లేవడం, పాలకుర్తిలో ఐలమ్మ తన పంటను వదలకపోవడం, ఇవన్నీ మా దిక్కు పిల్లలకు కథల్లా వస్తాయి. అప్పుడు ఆ ఊళ్లన్నీ నల్లగొండ జిల్లాలోనివే. అయితే ఆ కథలోని మాట, నా చాట్‌లోని మాట రెండూ ఒకటేనని నా బుర్రకు తట్టలేదు. మైకులో వింటే చరిత్ర, దోస్తుతో అంటే జోకు.

అప్పుడు ఆమెకు నా పని గురించి చెప్పాల్సి వచ్చింది. ఈ నెలంతా మేం చేస్తున్నది కూడా ఇట్లాంటి ఒక మాటను మార్చడమేనని. ఒక మెషిన్‌ను దొర అంటారు, ఇంకోదాన్ని బాంచ అంటారు, దొర రాసింది బాంచ రాయాలి అని. తెలుగులో నా నోటితో నేను మొదటిసారి అన్నాను అది. అనగానే నాకే ఎట్లనో అయింది, అన్నేళ్లుగా జంపర్‌లా ఉన్న మాట ఒక్కసారిగా మనిషైంది. నాయనమ్మ మాత్రం ఆసక్తిగా అడిగింది: "దొర చస్తే?" బాంచే దొర అవుతుంది నాయనమ్మా, మేం దాన్ని ప్రమోట్ చేయడం అంటాం. ఆమె పళ్లు లేని నోటితో ఎంతసేపు నవ్విందో. "గట్ల ఏ ఊళ్లయిందిరా" అని.

నిజమే కదా. ఇంజినీరింగ్ లెక్కన చూసినా ఆ పోలిక తప్పే. రాసే పని అంతా మాస్టర్‌దే, స్లేవ్ కూర్చుని కాపీ కొట్టుకుంటుంది, టైమొస్తే గద్దె ఎక్కుతుంది. ఏ బానిసకు అంత సుఖం? రెప్లికా అన్న మాట అది చేసే పనిని ఉన్నదున్నట్టు చెప్తుంది. నేను 2020లో ఈ ఒక్క కారణంతోనే ఒప్పుకోవాల్సింది.

జీతం మాట కూడా అదే రోజు వచ్చింది. "నువ్వు గూడ జీతమే ఉంటున్నవ్ గదరా, ఎన్ని కుంచాలు?" అంది. చెప్పాను. కుంచాల్లో లెక్కకట్టి చెప్పలేకపోయాను, రూపాయల్లో చెప్పాను, నమ్మలేదు.

మా లీడ్ అన్న గురించి కూడా చెప్పాలి, చెప్పకపోతే కథ ఒకవైపే అవుతుంది. ఈ పేర్ల మార్పును అందరికన్నా ఎక్కువ ఎగతాళి చేసింది ఆయనే, పని లేనోళ్ల పని అనేవాడు. వాళ్ల ముత్తాతకు గడీ ఉండేదని చాలా రోజుల తర్వాత తెలిసింది, ఆయనే చెప్పాడు, ఇప్పుడు దాంట్లో గబ్బిలాలున్నాయి అని. మంచివాడు. నాకు పని నేర్పింది ఆయన, అర్ధరాత్రి ప్రొడక్షన్ పడిపోతే నాకన్నా ముందు లేచేది ఆయన. ఆ రోజు నేను కాల్మొక్తా అంటే నవ్వింది కూడా కల్మషం లేకుండానే. కానీ నేను ఆ మాట ఎవరితో అన్నానో, ఎవరి మనవడు ఎవరి మునిమనవడితో అన్నాడో ఆలోచిస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆయనకు ఇది నేనెప్పుడూ చెప్పలేదు. చెప్తే బాధపడతాడు, మళ్లీ ఆయన్ను ఓదార్చే పని నా మీద పడుతుంది.

టీమ్‌లో ఇంకో అమ్మాయి ఉండేది, నారాయణపేట వైపు. వాళ్ల అమ్మానాన్న మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని బొంబాయి బస్సెక్కినవాళ్లే. స్లేవ్ తీసి వర్కర్ పెట్టారని వింటే ఆమె పకపకా నవ్వింది. "మాకు ఆ మాటతోనే బాధ అన్నా. పాలమూరు లేబర్ అని సిటీలో ఎట్లా అంటారో విన్నవా?" లేబర్ అన్న మాటలో డిక్షనరీ ప్రకారం తప్పేం లేదు. అనే తీరులో ఉంటుంది. మాట మారిస్తే తీరు మారుతుందా అంటే, నాకైతే పెద్ద ఆశ లేదు. మంగలి బదులు నాయీ బ్రాహ్మణ అని బోర్డు రాసుకున్నంత మాత్రాన పెళ్లిలో ఏ వరుసలో కూర్చోబెడుతున్నారో అందరికీ తెలుసు. వెట్టి మీద 1976లోనే చట్టం వచ్చింది, ఆ తర్వాత కూడా ఇటుక బట్టీల నుంచి మనుషులను విడిపిస్తూనే ఉన్నారు.

2020 జూన్‌లోనే ఇంకోటి కూడా జరిగింది. ఒకవైపు సిలికాన్ వ్యాలీ అంతా మాస్టర్ మాట తీసేయాలని తొందరపడుతుంటే, అదే నెల చివర కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ ఒకటి నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కో మీద కేసు వేసింది, ఒక దళిత ఇంజినీర్‌పై భారతీయ మేనేజర్లు కులవివక్ష చూపారన్న ఆరోపణతో. ఆ ఇద్దరు మేనేజర్ల మీద కేసును 2023లో ఆ శాఖే వెనక్కి తీసుకుంది, కంపెనీ మీద నడుస్తూనే పోయింది. దాని మీద మా టీమ్ గ్రూప్‌లో ఒక్కరూ ఒక్క మాట రాయలేదు. గిట్‌హబ్ బ్రాంచ్ పేరు మీద రెండు వందల మెసేజ్‌లు, దీని మీద సున్నా. నా స్క్రిప్ట్ లాగే, జవాబు రాకపోతే అంతా బాగున్నట్టు. నేనూ రాయలేదు. అదే గ్రూప్‌లో కొత్తగా చేరినవాళ్లను "పూర్తి పేరేంటి, ఇంటిపేరు?" అని అడగడం మాత్రం మామూలే.

కాబట్టి మాట మారిస్తే అన్నీ మారతాయని నేననను. మార్చడం వల్ల నష్టమేంటో కూడా నాకు అర్థం కాదు. రెండు రోజుల అమ్మకాలు సున్నా చూపించినా సరే. అమెరికాలో ఒక నల్లజాతి ఇంజినీర్‌కు స్లేవ్ అన్న మాట రోజూ స్క్రీన్ మీద చూస్తే ఎట్లుంటుందో చెప్పడానికి నేనెవరిని, నా సొంత భాషలో నా సొంత తాత మాటే నాకు గుచ్చుకోనప్పుడు. నాయనమ్మ ఇంకా రెండేళ్లు బతికింది, ఆ రెండేళ్లలో నేనెప్పుడూ ఆ మాట అనలేదు. ఆమె పోయాక కూడా రాలేదు నోటికి. ఒకసారి వచ్చినంత పనైంది గానీ ఆపుకున్నా.

మొన్న ఆ స్క్రిప్ట్‌ను జడ్చర్ల పిల్లగాడే తిరగరాశాడు. బాగా రాశాడు. జవాబు రాకపోతే సున్నా అనుకోకుండా ఫోన్ మోగేలా పెట్టాడు, పాత మాట కోసం కోడంతా వెతికి ఇంకో పదకొండు చోట్ల తీసేశాడు. సాయంత్రం పీఆర్ పంపించి చాట్‌లో రాశాడు: "నీ బాంచన్ అన్నా, జల్ది అప్రూవ్ చెయ్, బస్సుంది."

అప్రూవ్ చేశాను. బస్సెక్కి ఉంటాడనుకున్నాక ఫోన్ చేశాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ముందు, తిన్నవారా, సీటు దొరికిందా అని అడిగా.